నీటికుక్కల తోలు కింద

మొదటి నీటికుక్కను తెచ్చినప్పుడు దాని తల చితికిపోయి ఉంది. ఒక కన్ను బయటికి వచ్చి మీసాలకు అంటుకుంది. తెచ్చిన బెస్తాయన దాని కాళ్ళు కట్టి, కర్రకు తగిలించి, గోదావరి ఒడ్డునుంచి మా దవాఖాన దాకా భుజాన మోసుకొచ్చాడు. వెనక రేకుల పంచలో ఉన్న బల్లమీద దబ్బున పడేశాడు.

“ఇగో సిస్టరమ్మా, మీ సారు అడిగింది. ఇంక ఎచ్చగనే ఉంది. కోసుకోండ్రి.”

నేను సిస్టర్ని కాను. గోదావరి ఇవతలి ఒడ్డున, కరీంనగరు జిల్లా కొసన ఉన్న మిషను దవాఖానలో పరీక్షల గదిలో పనిచేసేదాన్ని. రోగుల మలం గాజుపలక మీద పరిచి, సూక్ష్మదర్శినిలో పురుగుల గుడ్లు వెతకడం నా ఉద్యోగం. మా బాపు మిషను బడిలో పంతులు కాబట్టి నన్ను చదివించాడు. బిడ్డ పొద్దంతా ఏం చూస్తుందో నలుగురికీ చెప్పుకోవడం మాత్రం మా అవ్వకు నామోషీ. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్ళయిన రోజులవి. తెల్లచీర కట్టిన ఆడమనిషి ఎవరైనా చుట్టుపక్కల ఊళ్ళకు సిస్టరమ్మే.

ఎండాకాలం వస్తే మా వరండా నిండా నారికురుపుల వాళ్ళే ఉండేవాళ్ళు. కాలిమీద బొబ్బ లేచి చితుకుతుంది. అందులోంచి తెల్లదారం లాంటి పురుగు తల బయటపెడుతుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజూ కొంచెం కొంచెంగా లాగాలి. తొందరపడితే తెగుతుంది. తెగితే లోపలి ముక్క కుళ్ళి కాలు మొద్దులా వాస్తుంది. ఆ బెస్తాయన నాకు అట్లాగే పరిచయం. నొప్పికి తాళలేక పురుగును రెండు వేళ్ళతో పట్టి ఒక్క గుంజు గుంజాడట. వచ్చేసరికి మోకాలు దాకా నల్లబడింది. మా పెద్ద డాక్టరమ్మ పిక్క నిలువునా చీరింది. ఆయన తొడమీద నేను ఎక్కి కూర్చున్నాను, కదలకుండా. పళ్ళ మధ్య పెట్టిన చెక్కను ఆయన కొరికి ముక్కలు చేశాడు గానీ కేక వెయ్యలేదు. అంతా అయ్యాక నోట్లోని పేళ్ళు ఉమ్మేసి, “కాలుంటదా, పోతదా?” అని ఒక్కటే అడిగాడు.

కాలు ఉంది. కొంచెం కుంటు మిగిలింది.

నారి ఎట్లా వస్తుందో డాక్టరమ్మకు తెలుసు. కురుపు కాలితో దిగుడుబావి మెట్లు దిగి నీళ్ళలో నిలబడితే పురుగు తన పిల్లల్ని ఆ నీళ్ళలో వదులుతుంది. ఆ నీళ్ళు తాగినవాళ్ళకు మరుసటి ఏడు నారి పుడుతుంది. మెట్లు తీసేసి, గిరక పెట్టి, చేదతో తోడుకోండని ఆమె ఊరూరా తిరిగి చెప్పేది. బెస్తాయన ఊళ్ళో పెద్దమనుషులు ఆమెను ఎదురడిగారు.

“నీళ్ళల్ల దిగేది మనుషులొక్కలేనా అమ్మా? గోదారిల గన్ని నీటికుక్కలున్నయ్. అవ్వి గూడ దిగుతయి గద. బావి మూసుకుంటం సరే, గోదారిని మూస్తవా?”

తెలియనిదాన్ని తెలుసని చెప్పే మనిషి కాదామె. కరీంనగరు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ఒక సారు జంతువుల కడుపులో పురుగుల మీద పనిచేస్తున్నాడని విని కబురు పెట్టింది. ఆయన బందరు వైపు మనిషి. సన్నగా, కళ్ళద్దాలతో, ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్నట్టు జేబులు తడుముకుంటూ ఉండేవాడు. నీటికుక్కలకు నారి ఉందో లేదో చూడాలంటే ముందు తోలు ఒలవాలన్నాడు, ఎందుకంటే ఆ పురుగు చర్మం కిందే ఉంటుంది. కడుపులో పురుగులు వేరే లెక్క.

అట్లా ఆ చితికిన తల మా బల్లమీదికి వచ్చింది.

నీటికుక్కను కోస్తే వచ్చే వాసన ఇప్పటికీ చెప్పలేను. మురిగిన చేప, తడిసిన కుక్క, రక్తం అన్నీ కలిసి ముక్కులోకి కాదు, గొంతులోకి దిగుతాయి. పేగుల్లో గుండ్రటి పురుగులు ముద్దలు ముద్దలుగా ఉన్నాయి. చేపల వల్ల వచ్చే చదునైన చిన్నవి గోడలకు కరుచుకుని ఉన్నాయి. తోలు కింద ఏమీ లేదు. కాళ్ళ కండలు వేళ్ళతో విడదీసి చూశాం. ఏమీ లేదు.

“ఒక్కదాన్ని చూసి ఏమీ చెప్పలేమండీ,” అన్నాడు సారు.

బెస్తాయన మరికొన్నింటిని తెచ్చాడు. ఈటెతో పొడిచినవి, వలలో చుట్టుకుపోతే తెడ్డుతో కొట్టినవి. ఆయనకు వాటిమీద పగ. వలలో పడ్డ చేపల్ని నడుముకు కొరికి, వలను చింపి పోతాయి. ఆయన పెండ్లాం పొద్దస్తమానం కూర్చుని చినుగులు అల్లుతుంటుంది. ఒకరోజు చూలుతో ఉన్నదాన్ని తెచ్చాడు. నేను కోసేసరికి కళ్ళు తెరవని పిల్లలు బయటపడ్డాయి. సారు కత్తి కింద పెట్టి బయటికి పోయి వాంతి చేసుకున్నాడు. తిరిగి వచ్చి, “ఇక చాలు. చంపితే అది ఆ రోజు ఎలా ఉందో ఒక్కసారే తెలుస్తుంది. బతికుంటే ప్రతి నెలా చూడొచ్చు” అన్నాడు.

బెస్తాయన నవ్వాడు. “బతికుంటే నా వల ఎవలు అల్లుతరు, నువ్వల్లుతవా సారూ?”

అయినా ఒప్పుకున్నాడు. కాలు నిలబెట్టిన డాక్టరమ్మ అడిగింది కాబట్టి ఒప్పుకున్నాడు, జాలితో కాదు.

వానలు తగ్గాక మొదలుపెట్టి నెలనెలా మడుగుకు పోయేవాళ్ళం. నది మధ్యలో రాతిగుట్టల గుంపు, దాని చుట్టూ లోతైన మడుగు. రాళ్ళ బొరియల్లో నీటికుక్కల కుటుంబం ఉండేది. అవి ఎప్పుడూ ఒకే చదును రాతిమీద పెంట వేస్తాయి. చేప పొలుసులు, ముళ్ళు కలిసిన ఆ నల్లటి పెంటను నేను సీసాల్లోకి ఎత్తి, తెచ్చి, గుడ్లకోసం వెతికేదాన్ని. నారి పెంటలో కనిపించదు కాబట్టి సారు దుర్బిణితో వాటి కాళ్ళు చూసేవాడు. కుంటుతున్నదా, ఎక్కడన్నా నాకుతున్నదా అని. చలికాలంలో గుడ్లు తగ్గాయి, ఎండలు ముదిరి నీళ్ళు చిక్కబడ్డాక మళ్ళీ పెరిగాయి. ఎవరూ ఇంతకుముందు ఇది చూడలేదని సారు పసిపిల్లాడిలా సంబరపడ్డాడు.

అవి ముద్దుగా ఉండే జంతువులు కావు. ఒకసారి నీళ్ళు తాగడానికి దిగిన నక్కను అన్నీ కలిసి చుట్టుముట్టి, అది గట్టెక్కేలోపు మూతి చీల్చేశాయి. దాని రక్తం తుడుచుకుంటూ రాళ్ళమీద దొర్లాయి.

ఆ మడుగులో చేపలు ఒక గుత్తేదారువి. ఆయన పట్నంలో ఉండేవాడు. మడుగును కాసేది ఆయన దఫేదారు. పోలీసు యాక్షనుకు ముందు ఈ మనిషి ఒక దొర గడీలో జనాన్ని కొట్టే పని చేసేవాడట. దొర పోయాక తుపాకీ, మీసం, కొట్టే అలవాటు ఆయనకు మిగిలాయి. దొంగతనంగా వల వేశాడని ఒక ముసలాయన చేతివేళ్ళను పడవ అంచుమీద పెట్టి తెడ్డుతో కొట్టాడు. ఆ వేళ్ళకు కట్టు కట్టింది నేనే. నీటికుక్కలు చేపల్ని తింటున్నాయని దఫేదారు మంట ఆయనకుంది. వాటిని లేపెయ్యాలంటే మనుషులు కావాలి. ఉత్తగా పిలిస్తే ఊరివాళ్ళు రారు.

ఆ ఎండాకాలం బెస్తాయన ఊళ్ళో నారి విరుచుకుపడింది. ఇంటికి ఇద్దరు ముగ్గురు మంచాన పడ్డారు. బెస్తాయన పెండ్లాం చెల్లెలికి రొమ్ములోంచి పురుగు వచ్చింది. పాలు తాగే పిల్ల ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది. డాక్టరమ్మ సారునూ నన్నూ వెంటబెట్టుకుని ఊరికి పోయి చావడి దగ్గర జనాన్ని కూర్చోబెట్టింది. సారు తన దగ్గరున్న గాజుసీసా పైకెత్తి చూపించాడు. అందులో నీటికుక్క పేగుల్లో దొరికిన పురుగులున్నాయి.

“చూడండి. నీటికుక్కల్లో మాకు దొరికినవి ఇవి. ఇవి నారి పురుగులు కావు. నారి మీ బావిలోంచే వస్తోంది.”

ఆయన మాట బందరు మాట, పైగా సన్నటి గొంతు. వెనక వరసలవాళ్ళకు వినిపించిందో లేదో తెలియదు. అందరికీ కనిపించింది మాత్రం సీసాలో తెల్లటి పురుగుల కట్ట. ఒక గుసగుస లేచింది. దఫేదారు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

“సూసిండ్రా? వాటి కడుపుల పురుగులే పురుగులు. గా నీళ్ళు మీ పిల్లలు తాగుతుండ్రు. ఇంక బావి, బావి అనుకుంట కూసుంటరా?”

“కావు అని చెప్తున్నానండీ!” అని సారు అరిచాడు. ఎవరూ వినలేదు. అందరూ లేచారు.

మరుసటి నాడు పొద్దు పొడిచే వేళకు సారూ నేనూ బెస్తాయన పడవలో మడుగు చేరేసరికి రాళ్ళమీంచి పొగ లేస్తోంది. గాలి ఇటు తిరగగానే మాకు దగ్గు ఆగలేదు. బొరియల్లో మిరపకాయలు వేసి పొగబెట్టారు. గుట్టమీద ఊరి మగవాళ్ళు, చేతుల్లో గొడ్డళ్ళు, దుడ్డుకర్రలు. దఫేదారు కుక్కలు మొరుగుతున్నాయి. నీటికుక్కలు పొగకు గుడ్డివై ఒక్కొక్కటే బయటికి దూకుతుంటే కర్రలు పడుతున్నాయి. తడిబట్టను బండకేసి బాదినట్టు ఉంది ఆ చప్పుడు. ఒక పెద్ద ఆడ నీటికుక్క బయటికి వస్తూనే దఫేదారు కుక్క మూతి పట్టుకుని నీళ్ళలోకి లాక్కుపోయింది. కుక్క మళ్ళీ పైకి రాలేదు. అది మాత్రం ఊపిరికోసం తేలగానే దఫేదారు కాల్చాడు. నీళ్ళు ఎర్రబడ్డాయి. నారితో మంచాన పడ్డవాళ్ళ అన్నలు, కొడుకులు ఆ కర్రలు పట్టినవాళ్ళు. ఏడుస్తూ కొడుతున్నారు కొందరు.

నేను పడవ దిగి రాళ్ళమీదికి ఎందుకు పరిగెత్తానో నాకు తెలియదు. ఆపగలనని కాదు. ఒక పిల్ల నా కాళ్ళమధ్య దూరింది. వంగి ఎత్తాను. అది నన్ను నమ్మలేదు. నా కుడి ముంజేతిని ఎముకదాకా కొరికి వేలాడింది. అది వేలాడుతుండగానే ఎవరిదో కర్ర దానిమీద పడింది. పిల్ల చచ్చింది, నా మణికట్టు విరిగింది. చచ్చాక కూడా పళ్ళు ఊడిరాలేదు.

సారు దఫేదారు తుపాకీని రెండు చేతులా పట్టుకున్నాడు. దఫేదారు ఒక్క విసురుకు దాన్ని గుంజుకుని తుపాకీ మడమతో ఆయన చెవిమీద కొట్టాడు. కళ్ళద్దాలు ఎగిరిపోయాయి. సారు పడ్డాడు. దఫేదారు ఆయన ఛాతీమీద కాలుపెట్టి తుపాకీని మళ్ళీ ఎత్తాడు. ఈసారి గురి నుదుటికి.

బెస్తాయన పడవలోంచే ఈటె విసిరాడు. అది దఫేదారు తొడలో దిగింది. చేపలు పొడిచే ఈటె అది, మొనకు వెనక్కి తిరిగిన ముళ్ళుంటాయి. దఫేదారు కూలబడి దాన్ని లాగబోయాడు.

“లాగకు!” అని నేను అరిచాను. “లాగితే నరం తెగి ఇక్కడనే చస్తవు!”

ఊరివాళ్ళు అవతలి పక్కనుంచి నీళ్ళలో దిగి పారిపోయారు. నేను ఎడమచేత్తో నా చీర కొంగు చింపాను. బెస్తాయనే వచ్చి దఫేదారు తొడకు దాన్ని బిగించి కట్టాడు. ఈటె కర్రను మోకాలికింద పెట్టి విరిచి, మొనను కండలోనే ఉంచాడు. మమ్మల్ని ముగ్గుర్నీ ఒకే పడవలో వేసుకుని తెడ్డు అందుకున్నాడు. దారిపొడుగునా దఫేదారు తిట్టాడు.

“నేను సస్తే నీకు ఉరే బిడ్డా. యాదుంచుకో.”

“సావవు. గమ్మున కూసో, పడవ ఊగుతుంది.”

“మల్ల ఎందుకు పొడిచినవ్ రా?”

“నువ్వు గా సారును సంపుతుంటివి గద,” అన్నాడు బెస్తాయన. తెడ్డు ఆపలేదు.

డాక్టరమ్మ ఆ ముళ్ళ మొనను కోసి తీసింది. దఫేదారు బతికాడు. సాయంత్రానికి పోలీసులు వచ్చి దవాఖాన మెట్లమీద కూర్చుని ఉన్న బెస్తాయనను తీసుకుపోయారు. ఠాణాలో ఏం చేశారో, వారం తర్వాత డాక్టరమ్మ పట్టుబట్టి ఆయన్ని చూసినప్పుడు తెలిసింది. చీరి కుట్టిన పిక్కమీదే కొట్టారు. పాత గాయం పెదవుల్లా విచ్చుకుంది.

ఆ దాడి జరిగిన మర్నాడే బెస్తాయన పెండ్లాం బండిమీద గోనెసంచులు వేసుకుని వచ్చింది. ఊరివాళ్ళు గుట్టమీద వదిలేసిపోయిన నీటికుక్కలన్నింటినీ ఏరుకొచ్చింది. ఎండకు అప్పటికే ఉబ్బాయి. నా కుడిచెయ్యి చెక్కల మధ్య ఉంది. సారు తల పైకెత్తలేకపోతున్నాడు. చెవిలోంచి నెత్తురు.

“గీటి కోసం నా మొగడు జేలుకు పోయిండు. నారి ఉందో లేదో నాకు సూపియ్యి. నేను ఒలుస్త.”

ఆమె ఒలిచింది. నేను ఎడమచేత్తో దీపం, భూతద్దం పట్టుకుని ప్రతి కాలూ, ప్రతి కండా, తోలు లోపలి ముఖమంతా చూశాను. ఒక్కొక్కటి అవగానే ఆమె నా మొహం చూసేది.

“లేదు అక్కా.”

ఇంకోటి.

“ఇందులో గూడ లేదు.”

చివరిది నా చెయ్యి కరిచిన పిల్ల. అరచేతి వెడల్పు తోలు. అందులోనూ లేదు. ఆమె కత్తిని బల్లలో గుచ్చి, నెత్తురు చేతులతోనే నా భుజం పట్టుకుంది.

“అయితే ఉట్టిగనే సంపిండ్రు. నా చెల్లె రొమ్ముల పురుగు ఏడికెల్లి వచ్చింది?”

“బావిలకెల్లి.”

ఆమె ఊరికి పోయి, ఇంట్లో ఉన్న గడ్డపార తీసుకుని దిగుడుబావి మెట్లమీద నిలబడి పైమెట్టునుంచి పగలగొట్టడం మొదలుపెట్టిందట. నాకు కబురు తెలిసి డాక్టరమ్మతో పోయేసరికి నాలుగైదు రాళ్ళు బావిలో పడి ఉన్నాయి. ఒడ్డున ఊరంతా ఉంది. ఆమె నుదుటిమీంచి రక్తం కారుతోంది, ఎవరో రాయి విసిరారు. జుట్టు పట్టి ఈడ్చబోయిన బావగారి ముంజేతిని గడ్డపారతో కొట్టింది.

“ఎవలన్న రాండ్రి! నీటికుక్కల మీదికి పోయిండ్రు గద కర్రలు పట్టుకోని! ఇగో నేనున్న, రాండ్రి!”

“నీళ్ళెట్ల తాగాలె మేము?” అని ఒకడు అరిచాడు.

“చేద ఏసుకోని తోడుకోండ్రి! కాళ్ళు పెట్టకుండ్రి!”

డాక్టరమ్మ పోయి ఆమె పక్కన నిలబడింది. ముసలి మనిషి, చేతిలో గొడుగు తప్ప ఏమీ లేదు. నేను కట్టుకట్టిన చేత్తో వెనక నిలబడ్డాను. ఇంకో రాయి వచ్చి గొడుగుకు తగిలింది. అప్పుడు ఆమె చెల్లెలు, రొమ్ముకు గుడ్డ చుట్టుకుని, పిల్లను చంకనేసుకుని జనంలోంచి వచ్చి అక్క పక్కన కూర్చుంది. నారితో కుంటుతున్న ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కూడా వచ్చారు. రాళ్ళు ఆగాయి. కొట్టినవాళ్ళెవరూ తప్పని చెప్పలేదు, మెల్లగా ఇళ్ళకు పోయారు. మిగిలిన మెట్లు తర్వాతి రోజుల్లో ఆడవాళ్ళే పడగొట్టారు. మిషను వాళ్ళు సిమెంటు ఇస్తే చుట్టూ గోడ కట్టి గిరక పెట్టారు.

కోర్టులో సాక్ష్యం చెప్పే ముందు గుత్తేదారు మనిషి ఒకడు నన్ను సంతలో ఆపాడు. “దవాఖానకు పోయే తొవ్వ ఒక్కటే ఉంది సిస్టరమ్మా. ఒంటిగ నడుస్తవ్ గద,” అన్నాడు. ఆ తర్వాత మా బాపు రోజూ నన్ను దింపి, మళ్ళీ వచ్చి తీసుకుపోయేవాడు. చేతిలో బైబిలుతో పాటు చిల్లకంప కర్ర. నేను చూసింది చూసినట్టు చెప్పాను. మొదట తుపాకీ లేచిందని చెప్పాను. దఫేదారు వకీలు నన్ను, “పెంట ఏరుకునే మనిషివి నువ్వు, నీ మాట ఏం నమ్మాలె” అన్నాడు. కోర్టులో అందరూ నవ్వారు. జడ్జి మాత్రం నవ్వలేదు. బెస్తాయనకు శిక్ష పడింది గానీ వాళ్ళు అడిగినంత పడలేదు. దఫేదారుకు ఏమీ కాలేదు. ఆయన కుంటుకుంటూ అదే మడుగును కాశాడు.

సారుకు ఆ చెవి మళ్ళీ వినపడలేదు. తరువాతి ఏడు బదిలీ చేయించుకుని పోయాడు. పోయేముందు మడుగు చూద్దామని అడిగాడు. పోయాం. చదును రాయిమీద ఎండిన పొలుసులు తప్ప ఏమీ లేవు. మేం మొదలుపెట్టిన నెలనెలా పరిశీలన అక్కడితో ఆగిపోయింది. ఆ ఊరినుంచి నారికురుపుతో వచ్చేవాళ్ళు రెండో ఎండాకాలానికి బాగా తగ్గారు. పక్క ఊళ్ళ బావులకు మెట్లు అట్లాగే ఉన్నాయి, అక్కడివాళ్ళు వస్తూనే ఉన్నారు.

బెస్తాయన జైలునుంచి వచ్చాక ఒక పొద్దున దవాఖానకు వచ్చాడు. మనిషి సగమయ్యాడు. ఆదిలాబాదు వైపు ప్రాణహితలో వలలు వేసుకుంటున్నానని, పెండ్లాం కూడా అక్కడికే వచ్చిందని చెప్పాడు. అక్కడ నీటికుక్కలు ఉన్నాయా అని అడిగాను.

“మస్తున్నయ్. మొన్ననే వల చింపినయి.”

“మరి ఏం చేసినవ్ అన్నా?”

“ఏం చేస్త? పొడుస్తనే. దొరకలే,” అన్నాడు. “సంపితే తీస్కరమ్మంటవా సిస్టరమ్మా, సూస్తవా?” అని అడిగాడు.

వద్దన్నాను. పెంట ఎక్కడ వేస్తున్నాయో చూసి, ఆ రాయి గుర్తుపెట్టుకోమన్నాను. ఆయన తల ఊపి, గోడకు ఆనించిన తెడ్డు తీసుకుని వెళ్ళిపోయాడు. నేను లోపలికి వచ్చి గాజుపలకలు కడగడానికి నీళ్ళు పోసుకున్నాను. మణికట్టు సరిగా అతకలేదు, ఇప్పటికీ పలక పట్టుకుంటే చెయ్యి కొంచెం ఒంగుతుంది.